మార్పిడి

నా పదిహేనో యేట ఐదుగురు పెద్దమనుషులు నన్నొక ప్రశ్న అడిగారు. "మీ యింటికి పైదేశం కుర్రాడొస్తే ఎక్కడ పడుకోబెడతారు బాబూ?" అని. నేను నిజం చెప్పాను. ఆ నిజంతో నా ప్రయాణం ఆగిపోయింది. అది 1986 జనవరి. ఆ పెద్దమనుషుల్లో కొందరు ఇప్పుడు లేరు. మా అయ్యా లేడు. ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

మాది సింహాచలం. కొండ కింద రెల్లి పేట. అప్పన్న కొండెక్కేవాళ్ళు మొదట కాలుపెట్టే తొలిపావంచా దగ్గర మా అమ్మ తట్ట పెట్టుకుని కూచునేది. ఎండాకాలం మామిడిపళ్ళు, పనస తొనలు. ఆషాఢంలో అనాసపళ్ళు. పూలకాలంలో సంపెంగలు. పళ్ళమ్మడం, గడ్డి కొయ్యడం, ఊరూడవడం మా కులానికి లోకం రాసిపెట్టిన పనులు. మా అయ్య పట్నంలో పాకీ పని చేసేవాడు. తెల్లారగట్ల నాలుక్కే లేచి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది వొరియా పోలికున్న రెల్లి మాట. బడిలో తెలుగు. బాబుల ముందు ఏ మాటా లేదు, చేతులు కట్టుకోవడమే.

అమ్మ తట్టలో పండు ఎవరికీ అంటు కాదు. అమ్మ చెయ్యి అంటు. కొన్నవాళ్ళు డబ్బులు తట్టలోకి విసిరేవారు. చిల్లర పనస తొనల మధ్య పడితే ఏరుకునేది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నదే గనక అదేం పెద్ద సంగతిగా కనపడేది కాదు.

విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన చేశారు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ పని మీద రష్యావాళ్ళు కుటుంబాలతో వచ్చి విశాఖలో ఉండేవారు. ఒక ఆషాఢం ఆదివారం ఒక రష్యా ఆవిడ అమ్మ దగ్గర రెండు అనాసపళ్ళు కొంది. వేళ్ళు చూపించుకుంటూ బేరం. తర్వాత ఆవిడ డబ్బులు అమ్మ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసి నవ్వి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అమ్మ ఎంతమ్మిందో చెప్పలేదు. "సేతిలో ఎట్టిందిరా" అంది. రాత్రి అన్నాలప్పుడు అయ్యతో మళ్ళీ అదే మాట చెప్పింది.

నా బుర్రలోకి పైదేశమనేది అలా వచ్చింది. అక్కడ డబ్బులు చేతిలో పెడతారు.

విశాలాంధ్రవాళ్ళ పుస్తకాల వ్యాను మా వైపు వచ్చినప్పుడు సోవియట్ పుస్తకాలు అణా బేడా ధరకి దొరికేవి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. మంచి కాగితం, రంగుల బొమ్మలు. నల్లసముద్రం ఒడ్డున క్రిమియాలో 1925లో పెట్టిన ఆర్తెక్ అనే పిల్లల శిబిరం గురించి తెలిసింది ఆ రోజుల్లోనే. ఎండాకాలం ఎన్నో దేశాల పిల్లలు అక్కడ కలిసి ఉంటారట. సమంతా స్మిత్ అనే అమెరికా పిల్ల, యుద్ధం చేస్తారా ఏమిటని సోవియట్ నాయకుడు ఆంద్రోపోవ్‌కి ఉత్తరం రాస్తే ఆయన వచ్చి చూసిపొమ్మన్నాడు. 1983 జూలైలో ఆ పిల్ల వెళ్ళి ఆర్తెక్‌లో ఉండి వచ్చింది. పదకొండేళ్ళ పిల్ల. ఆ సంగతి చదివినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఒక్క ఉత్తరంతో పనయిపోతుందనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఇంగ్లీషు మేష్టారు ఒక కబురు తెచ్చారు. పట్నంలో ఒక క్లబ్బు ఉంది. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఈడొచ్చిన పిల్లల్ని యూరప్ పంపుతుంది. ఆరు వారాలు. సగం రోజులు అక్కడి కుటుంబాల్లో ఉండాలి. మిగతా రోజులు ఓ శిబిరంలో అన్ని దేశాల పిల్లలతో కలిసి ఒళ్ళొంచి పని చెయ్యాలి. ముసలివాళ్ళ ఆశ్రమానికి రంగులేస్తారు, అడవిలో బాటలు బాగుచేస్తారు. దీన్ని సాంస్కృతిక మార్పిడి అంటారు, సేవ అంటారు. మామూలుగా ఎవరి ఖర్చు వాళ్ళదే. ఆ యేడు మాత్రం ఇంగ్లీషు వ్యాసం పోటీ పెట్టి, నెగ్గిన ఒకరికి విమానం ఖర్చు క్లబ్బే పెట్టుకుంటుందన్నారు. వ్యాసానికిచ్చిన విషయం 'నా ఊరు'.

నేను రాశాను. తొలిపావంచా గురించి రాశాను, అమ్మ తట్ట గురించి రాశాను, చేతిలో డబ్బులు పెట్టిన రష్యా ఆవిడ గురించి రాశాను. మేష్టారు తప్పులు దిద్దారు గానీ ఒక్క వాక్యం మార్చలేదు. నాకు మొదటి స్థానం వచ్చింది. మేష్టారు మా పేట దాకా సైకిలు మీద వచ్చి చెప్పారు. ఇంట్లోకి రాలేదు గానీ వచ్చారు. అది నేను మర్చిపోలేదు.

జనవరిలో ఇంటర్వ్యూ. అయ్య తన ఖాకీ చొక్కా ఉతికి ఆరేసి నాకిచ్చాడు. భుజాలు జారిపోయేవి. అమ్మ సూదీ దారంతో లోపలికి కుట్టింది.

ఐదుగురూ మొదట బాగానే మాట్లాడారు. వ్యాసం బాగుందన్నారు. తర్వాత ఒకాయన అడిగాడు, "అక్కడ మన కల్చర్ ఏం చూపిస్తావు? డాన్సొచ్చా? కర్ణాటక సంగీతం?" మా అమ్మ పాడే రెల్లి పాటలొచ్చు అన్నాను. ఆయన నవ్వాడు. "అది కాదు బాబూ, మన కల్చర్." ఆ గదిలో 'మన' అన్నది ఎవరో నాకప్పుడు అర్థం కాలేదు. కాస్సేపటికి అర్థమయింది.

"నాన్నగారు ఏం చేస్తారు?"

"పాకీ పనండీ."

ఎవరూ తిట్టలేదు. నన్నెవరూ అంటరానివాడనలేదు. ఒకాయన నీళ్ళ గ్లాసు జరుపుకున్నాడు. ఇంకొకాయన కాగితాలు సర్దుకున్నాడు. ఆ తర్వాత వచ్చింది ఆ ప్రశ్న.

మార్పిడి అంటే ఒకవైపు బేరం కాదట. నేను అక్కడ ఒకరి ఇంట్లో ఉంటే, అక్కడి పిల్లాడొకడు వచ్చి మా యింట్లో ఉండాలట. అందుకే ఇల్లు ముఖ్యమట. ఎన్ని గదులు? ఒకటే. ఎంతమంది? ఏడుగురం. ఎక్కడ పడుకోబెడతారు? చాపేసి. మరుగుదొడ్డి? లేదండి, కొండవారకి పోతాం.

పట్నంలో ఎన్ని ఇళ్ళ దొడ్లు ఎత్తిపోశాడో మా అయ్యకే లెక్కలేదు. మా యింటికి దొడ్డి లేదు. ఆ సంగతి నాకు అంతకుముందెప్పుడూ తట్టలేదు. వాళ్ళు అడిగితే తెలిసింది.

"చూడు బాబూ, నీమీద మాకేం లేదు. ఆ పిల్లల్ని మీ పేటకి ఎలా పంపుతాం? దేశం పరువు కదా!" అన్నారు. ఆ ఐదుగురివీ మేడలే. కుర్రాడు మా యింట్లో ఉంటాడులే, నువ్వెళ్ళి రా అని ఒక్కరన్నా అంటే సరిపోయేది. ఎవరూ అనలేదు. రెండో స్థానం వచ్చిన కుర్రాణ్ణి పంపారు. వాళ్ళది పెద్దిల్లు.

మే నెలలో చందనోత్సవం వచ్చింది. ఆ ఒక్కరోజే అప్పన్నకి చందనం వొలిచి నిజరూపం చూపిస్తారు. జనం కొండంతా బారులు తీరారు. నేను అమ్మతోబాటు తొలిపావంచా దగ్గర పనస తొనలమ్ముతున్నాను. పెద్దమనుషుల నిజరూపం నాకు జనవరిలోనే కనపడింది, దానికి క్యూ కూడా కట్టలేదు.

ఆ కుర్రాడు వెళ్ళొచ్చాక, ఆగస్టులో, క్లబ్బువాళ్ళు అతన్ని మా బడికి తీసుకొచ్చారు. గోడకి తెల్లగుడ్డ కట్టి స్లైడ్లు వేశారు. మంచుకొండలు, చెక్క ఇళ్ళు, సైకిళ్ళు. కుర్రాడు మంచివాడే. బెదురుగా మాట్లాడాడు. శిబిరం బొమ్మలొచ్చినప్పుడు అతని గొంతు లేచింది. "అక్కడ పనివాళ్ళుండరు. మేమే వండుకున్నాం, మేమే అంట్లు తోముకున్నాం. వంతులవారీగా లెట్రిన్లు కూడా మేమే కడిగాం" అన్నాడు. చేతిలో బ్రష్షు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ తెరమీద పడింది.

హాలంతా చప్పట్లు. హెడ్మాస్టరు లేచి, శ్రమ గౌరవం అంటే ఇదీ అన్నారు. క్లబ్బు ప్రెసిడెంటు అతనికి సర్టిఫికెట్టిచ్చాడు. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టాక చేతులు చూసుకున్నాను.

ఇంటికొచ్చి అయ్యకి చెప్పాను. అయ్య పని మనిషి గదా, పని గురించే అడిగాడు.

"సేత్తోనా, సీపురుతోనా?"

"బ్రష్షుతో అయ్యా. నీళ్ళు పోస్తే పోద్దంట."

"మరి నెత్తిమీద ఏటీ ఎత్తుకోనక్కర్నేదా?"

"నేదు."

అయ్య కొంచెంసేపు ఆలోచించాడు. "అయితే అది పనేటిరా, ఆట" అన్నాడు. కోపంగా అనలేదు. అటు తిరిగి పడుకున్నాడు, నాలుక్కి లేవాలి గదా.

అదే పని. మూడు వారాలు చేసినవాడికి సర్టిఫికెట్టు. ముప్పయ్యేళ్ళు చేసినవాడికి వెలి. ఇష్టమొచ్చి చేసి, విసుగొస్తే మానుకోగలిగితే అది సేవ. మానుకునే దారి లేకపోతే పాకీ. మనుషుల చేత పాకీ దొడ్లు ఎత్తించకూడదని ఈ దేశం చట్టం చెయ్యడానికి 1993 దాకా పట్టింది. అది చాలక 2013లో మళ్ళీ ఇంకో చట్టం చేశారు. రెండు చట్టాల తర్వాత కూడా మ్యాన్‌హోళ్ళలో దిగి ఊపిరాడక చచ్చిన మావాళ్ళ వార్తలు పేపర్లో చదివాం. వాళ్ళనెవరూ వలంటీర్లనలేదు.

డిసెంబర్లో మార్పిడి రెండో సగం వచ్చింది. యూరప్ నుంచి ఆరుగురు పిల్లలు దిగారు. పెద్ద ఇళ్ళలో ఉన్నారు. ఒకరోజు వాళ్ళని 'సేవ' కోసం మా పేటకే తీసుకొచ్చారు. వ్యానుకి గుడ్డ బ్యానరు కట్టారు. మా పేటలో నిలవ నీరు పోవడానికి కాలవ తవ్వాలట. కొత్త పారలు, పిడుల మీద ధర చీటీ కూడా ఊడలేదు. మా ఆడవాళ్ళు పారలందుకోబోతే, "మీరు పక్కకుండండమ్మా, ఇవాళ మీకు వీళ్ళు సేవ చేస్తారు" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా అమ్మ ఒకరు పని చేస్తుంటే నిలబడి చూసింది. ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ ఆరుగురిలో డెన్మార్కు కుర్రాడొకడు. నా ఈడువాడు. అరగంటలో వాడి అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ చూసి ఊరుకోలేకపోయింది. వాడి మణికట్టు పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి, కొబ్బరినూని రాసి, స్టీలు గ్లాసులో టీ పోసిచ్చింది. గుమ్మం బయట నిలబడ్డ క్లబ్బాయన ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు, అక్కడేం తాగకు, నీళ్ళు మంచివి కావు అని. వాడు గ్లాసు ఖాళీ చేసి ఇంకొంచెం పొయ్యమన్నాడు.

ఇల్లంతా చూశాడు. చూడ్డానికెంతసేపు, ఒకటే గది. మీరంతా ఎక్కడ పడుకుంటారన్నాడు. ఇక్కడే అన్నాను. చాప కింద పరిచుంది. వాడు దానిమీద వెల్లకిలా పడుకుని తాటాకు కప్పుకేసి చూశాడు. బాగుంది, నేనిక్కడుండిపోవచ్చా అన్నాడు. వేళాకోళానికి కాదు. వాడికి మేడమీద గదిలో ఒంటరిగా తోచడం లేదట. నువ్వు మా దేశం ఎందుకు రాలేదని కూడా అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా వ్యాసంలో అయిపోయింది. ఏం చెప్పాలో తెలీక నవ్వాను.

మధ్యాహ్నానికి ఫోటోలు తీసుకుని వ్యాను వెళ్ళిపోయింది. కాలవ సగంలో ఉంది. మర్నాడు మా అమ్మా, పేటలో ఆడవాళ్ళూ కలిసి మిగతాది తవ్వారు. దానికి కూలీ లేదు, ఫోటో లేదు.

చాలాకాలం ఈ సేవా శిబిరాల మాటంటేనే నాకు ఒళ్ళు మండేది. తర్వాత చదువుకున్నాక వాటి పుట్టుక తెలిసింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1920లో పియెర్ సెరెసోల్ అనే స్విస్ మనిషి, ఫ్రాన్సులో వెర్దన్ దగ్గర యుద్ధంలో నేలమట్టమయిన ఒక పల్లెని మళ్ళీ కట్టడానికి కొద్దిమందిని పోగుచేశాడు. నిన్నటిదాకా శత్రువులైన జర్మన్లు కూడా వాళ్ళలో ఉన్నారు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అలా మొదలయింది. 1934లో బీహారులో భూకంపం వస్తే సెరెసోల్ ఇక్కడికీ వచ్చి పల్లెలు కట్టే పని చేశాడు. చంపుకున్న చేతుల్తోనే పక్కపక్కన ఇటుకలు పేర్చాలన్నది ఆ ఆలోచన. మంచిదే. ఏ పనీ తక్కువది కాదన్నది అందులో ఉంది. మా ఊరికొచ్చేసరికి దాన్ని మేడమీద దించుకున్నారు. యూరప్‌లో లెట్రిను కడగడం నేర్చుకున్న చేతులు ఇక్కడికొచ్చి మళ్ళీ మా అయ్యని పిలిచాయి.

ఇల్లు దొరకడం గురించి చదివినప్పుడు నన్ను బాగా కలచింది అంబేడ్కర్ సంగతి. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్ళాడు. కొలంబియాలో చదివాడు, లండన్ వెళ్ళాడు. అక్కడ గది అద్దెకి తీసుకోడానికి కులం అడ్డురాలేదు. 1917లో తిరిగొచ్చి అదే బరోడాలో ఉద్యోగంలో చేరితే తల దాచుకోడానికి చోటు దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీ సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. ఆయన ఓ తోటలో గంటల తరబడి కూచుండిపోయాడు. ఆ తర్వాత దాన్ని తానే రాసుకున్నాడు. చదువు, డిగ్రీలు, సముద్రాలు దాటడం అన్నీ అయ్యాక కూడా దేశం ఆయన్ని అడిగింది ఆ ప్రశ్నే: నువ్వు ఎక్కడ పడుకుంటావు? మార్పిడిలో మనకి అడ్డం పడేది సముద్రం కాదు, గుమ్మం.

నేను చదువుకుని చిన్న ఉద్యోగం సంపాదించాను. పైదేశం వెళ్ళలేదు. తాటాకు ఇల్లు రేకుల ఇల్లయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఆ రేకులూ లేచిపోయాయి. పక్కాగా కట్టుకుందామంటే పట్టా లేదు. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి పంచగ్రామాల్లో వేలమందిది ఇదే గోల. భూమి దేవస్థానానిదా, ఉంటున్నవాళ్ళదా అన్నది ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. ఎలాగో మళ్ళీ రేకులే వేసుకున్నాం. పక్కన ఇంకో చిన్న గది దింపాం. మరుగుదొడ్డి కట్టాం. అది చూడకుండానే అయ్య పోయాడు.

2018లో మా చెల్లెలి కూతురు ఒక కాగితం పట్టుకొచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతోంది. అమెరికా ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన కెనెడీ–లూగర్ కార్యక్రమం దరఖాస్తు అది. ఎండాకాలం కాదు, ఏడాది చదువు. అక్కడి కుటుంబంలో ఉండాలి, అక్కడి బడికెళ్ళాలి, ఊరికి పనికొచ్చే పని కొంత చెయ్యాలి. ఖర్చంతా వాళ్ళదే. అప్పటికే మన గురుకులాల పిల్లలు కొందరు అలా వెళ్ళొచ్చారు. నేను కాగితం రెండుసార్లు చదివాను. మీ యింట్లో మరొకర్ని పెట్టుకుంటారా అన్న ప్రశ్న ఎక్కడా లేదు. మీ యిల్లూ కుటుంబం గురించి రాయమని మాత్రం ఉంది.

"ఏం రాయమంటావు మావయ్యా? అమ్మమ్మ పళ్ళమ్మేదని రాయనా, తాతయ్య సంగతి రాయనా?"

నా నోరు ఒక్క క్షణం ఆగింది. నిజం చెప్పి నేనేం పోగొట్టుకున్నానో నాకు తెలుసు. దానికి చెప్పలేదు. "ఉన్నదున్నట్టు రాయమ్మా" అన్నాను. రాసింది. తాతయ్య పాకీ పని చేసేవాడని మొదటి పేరాలోనే రాసింది. ఎంపికయింది.

వెళ్ళిన నెలకి వీడియోలో మాట్లాడింది. అమ్మ పక్కనే కూచుంది, కళ్ళద్దాలు పెట్టుకుని. "మావయ్యా, ఈ ఇంటాయన ఇంజనీరు. శనివారం శనివారం బాత్రూం ఆయనే కడుగుతాడు. ఒక వారం ఆయన, ఒక వారం ఆంటీ, ఒక వారం నేనూ వాళ్ళమ్మాయీ" అంది. అక్కడా అంతా ధర్మరాజులే అని నేననను. నల్లవాళ్ళ బతుకులు చదివినవాణ్ణి. ఈ ఒక్క సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అమ్మకి తెలుగులో మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. మనవరాలు రెల్లి మాటలోనే చెప్పింది, అమెరికా నుంచి. అమ్మ విని నావైపు తిరిగింది.

"మరి అప్పుడు ఎల్లి కడిగొచ్చిన బాబులు, ఇక్కడికొచ్చీసరికి మర్సిపోనారేటి?"

నేనేం చెప్పలేదు. ఈలోపల అవతల్నుంచి పిల్ల మళ్ళీ అంది. "మావయ్యా, వాళ్ళమ్మాయి మన సింహాచలం వస్తానంటోంది. వచ్చే యేడు ఎండాకాలం. మన యింట్లోనే ఉంటుందట. ఎక్కడ పడుకోబెడదాం?"

నాకు గుండెలో కలుక్కుమంది. ముప్పై రెండేళ్ళ తర్వాత అదే ప్రశ్న. ఈసారి మా పిల్ల నోట్లోంచి. నేను గదులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. చిన్న గదిలో ఫ్యానుందా, రేకుల కింద మే నెల ఎండకి ఆ పిల్ల ఓర్చుకోగలదా, ఇరుగుపొరుగు ఏమంటారు...

అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"సాప యేస్తానే, రమ్మను. అప్పుడా డెన్మార్కు గుంటడు పడుకోనేదేటి!"